పిల్లలకోడిని ఫొటో తీసిన మాఘమాసం

మొన్న సాయంత్రం గుంటూరులో మా మేడ మీద నిలబడి ఉంటే, పక్కవాటాలో ఉండే ఇంజనీరుగారు సెల్‌ఫోనును పిట్టగోడకు ఆనించి, మృగశిర దగ్గరి నీహారికను కాసేపట్లోనే గులాబీ రంగులో పట్టి నాకు చూపించారు. బాగుందండీ అన్నాను గానీ, కిందికి దిగి అన్నం ముందు కూర్చున్నా మనసు కుదుటపడలేదు.

ఎనభైల్లో నేను దర్శిలో సైన్సు మాస్టారిని. కొత్తగా పెళ్ళయింది. పాఠం చెబుతూ కూడా గది ఆ మూలకూ ఈ మూలకూ తిరిగే నాలాంటి నిలకడలేని మనిషికి, మన పెద్దవాళ్ళు పిల్లలకోడి అనే కృత్తికల గుంపును ఫొటో తీయాలన్న పిచ్చి పట్టుకుంది. భూమి తిరుగుతుంది కనుక, కెమెరాను ఎక్కువసేపు తెరిచి ఉంచితే చుక్కలు గీతలుగా పడతాయి. అందుకని రెండు చెక్కలను మడతబందుతో కలిపి, ఆ బందును ధ్రువనక్షత్రం వైపు వాల్చి, పైచెక్క మీద కెమెరా బిగించి, కింద ఒక మరమేకు పెట్టాను. దాన్ని చేత్తో మెల్లగా, సమంగా తిప్పుతుంటే పైచెక్క లేస్తూ చుక్కల వెంట నడవాలి. నా చేతిలో అది నడిచేది కాదు, ఉలిక్కిపడేది. రీళ్ళకు రీళ్ళు పాడయ్యాయి.

వీధిదీపాల బెడద లేకుండా ఊరి బయట మా ఇంటి యజమాని మిరపకళ్లానికి వెళ్ళేవాణ్ణి. ఎండబోసిన కాయల ఘాటుకు తుమ్ములొచ్చేవి, అదొక కుదుపు. చీకటి పడగానే దుప్పటి కప్పిన కెమెరా పెట్టెను సైకిలుకు కట్టుకుని పొలాలకు పోయే మాస్టారిని చూసి ఊరు ఊరుకుంటుందా? లంకెబిందెల కోసం తవ్వుతున్నాడని కొందరన్నారు, అక్కడెవరో ఉన్నారని ఇంకొందరన్నారు. రెండోమాట మా ఆవిడ చెవిన పడింది. చుక్కల కోసమని చెప్పాను. ఏవీ చూపించమంటే, గీతలు పడ్డ ఫొటోలు బయటికి తీయడానికి నామోషీ వేసి తటపటాయించాను. ఆవిడ ట్రంకుపెట్టె సర్దుకుని ఒంగోలులో ఉన్న అన్నగారికి కబురు పంపింది.

ఆయన వచ్చి, ఇచ్చిన కాఫీ ముట్టుకోకుండా అన్నాడు: "బావా, చీకటి పడితే ఎక్కడికి పోతన్నావో నాకు చెప్పొద్దు. మా చెల్లికి చెప్పు."

నేను లేచాను. కెమెరా పెట్టె తీసుకుని ఇద్దరినీ నాతో రమ్మన్నాను.

కళ్లంలో అంతా అమర్చి తిప్పడం మొదలుపెడితే, ఆ రోజు చెయ్యి మరీ అదిరిపోతోంది. మా ఆవిడ కాసేపు చూసింది.

"మీ చెయ్యి వణుకుతోంది. ఇటివ్వండి" అంది.

మళ్ళీ మొదటినుంచీ పెట్టాం. ఆవిడ ఊపిరి బిగబట్టి, లెక్కకు పెదవులు మాత్రం కదుపుతూ తిప్పుతోంది. నేను కళ్లం చుట్టూ తిరుగుతుంటే బావగారు భుజం పట్టి మిరపకాయల టిక్కీ బస్తా మీద కూలేశాడు. "కూర్చో బావా, నీ అడుగుల అదురు దానికి తగులుద్ది."

రీలు ఆయనే ఒంగోలు పట్టుకెళ్ళాడు. ఫొటో వచ్చాక చూద్దామని మా ఆవిడ ఉండిపోయింది గానీ, సర్దిన ట్రంకుపెట్టె విప్పలేదు. గుమ్మం పక్కనున్న ఆ పెట్టెను దాటుకుంటూ బడికి వెళ్ళడం, వస్తూనే అది ఇంకా ఉందా అని చూసుకోవడం.

చివరకు బావగారు వచ్చాడు. స్టూడియో అతను ఇందులో ఏమీ పడలేదు, అంతా దుమ్మేనన్నాడట. దుమ్మే కడిగివ్వమని ఈయన పట్టుబట్టి తెచ్చాడు. చుక్కలన్నీ గుండ్రంగా, ఆవగింజల్లా ఉన్నాయి, కంటికి కనపడనివి ఎన్నో ఉన్నాయి. మా ఆవిడ దీపం దగ్గరగా పెట్టుకుని చూసి, చుట్టూ పొగలా ఉన్నదేమిటని అడిగింది. అక్కడి ధూళి ఆ చుక్కల వెలుగుకే అలా మెరుస్తుందని చెప్పాను.

"రేపు ఆ మూడు చుక్కల గొల్లకావడి కింద ఏముందో చూద్దామండి" అంటూ లేచి, ట్రంకుపెట్టె తాళంచెవి కోసం వెతికింది.

ఇప్పుడు కళ్లాల దగ్గర కూడా పెద్దపెద్ద దీపాలట. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ మేడెక్కదు. అప్పట్లో ఫొటో తీయడానికీ చూడడానికీ మధ్య కొన్ని రోజులుండేవి. ఏం పడిందో, ఏం కానుందో తెలియక ఆ రోజుల్లో తిండి సయించేది కాదు, నిద్ర పట్టేది కాదు. ఇప్పుడన్నీ అప్పటికప్పుడే తెలిసిపోతున్నాయి, నిద్ర కూడా హాయిగా పడుతోంది. అయినా మనలాంటివాళ్ళకు, అలా నిద్రపట్టని రోజులు ఇంకొన్ని దొరికితే బాగుండునని ఉంటుంది.