సంచులక్క మూల

ఆ వీధి సంతలో అందరికీ ఆవిడ సంచులక్క. గడియార స్తంభానికి ఎదురుగా, రెండు వీధులు కలిసే మూల ఆవిడది. అక్కడ గుడ్డసంచులు, తోలుసంచులు పేర్చుకుని, బేరమాడి పోబోయేవాళ్ళని కూడా నవ్వించి కొనిపించేది. ఆ వీధిలో చోటుకి కాగితాలంటూ ఉండవు. ఎవరు కూర్చుంటే వాళ్ళదే.

మోకాలి ఆపరేషనుకి వెళ్తూ, "నేనొచ్చేదాకా కాస్త కూర్చో నాయనా" అని మరిదిని బతిమాలింది. తిరిగొచ్చేసరికి వాడు చలవ కళ్ళద్దాలు పరుచుకుని దర్జాగా ఉన్నాడు.

"ఇక లే, నేనొచ్చానుగా."

"భలేదానివే వదినా! ఇన్నాళ్ళూ ఇక్కడ కూర్చున్నదెవరు?"

గుండెలు తీసిన బంటు కాకపోతే ఆ మాట ఎలా వస్తుంది? సంచులక్కకి ఒళ్ళు మండిపోయింది. చుట్టుపక్కలవాళ్ళంతా తమ బేరాల్లో తలదూర్చేశారు.

"సరే, కూర్చో. ఎలా కూర్చుంటావో నేనూ చూస్తా" అంది.

సంచులు అటకెక్కించి, టూరిస్టులను తిప్పే గైడు పనిలో చేరింది. వచ్చిన ప్రతి గుంపునీ సరిగ్గా మరిది బల్లముందు నిలబెట్టేది. "ఇక్కడ నిలబడి, గడియారం వైపు తిరిగి, కళ్ళు మూసుకుని ఏం కోరుకున్నా జరుగుతుంది. తాతల నాటి మాట!" అనేది. తాతలూ లేరు, తద్దినాలూ లేవు. అంట్లు తోముతూ అల్లిన అబద్ధం. జనం మరిదికి వీపు పెట్టి, కోరుకుని, ఫొటోలు దిగి, ఒక్క కళ్ళద్దమైనా ముట్టుకోకుండా పోయేవాళ్ళు. చూసి చూసి మిగతా గైడ్లూ అదే పట్టుకున్నారు.

మరిది అరిచాడు, తిట్టాడు, చివరికి చేతులు జోడించాడు. "పిల్లలు గలవాణ్ణి వదినా, నా పొట్ట కొట్టకు."

"నా పొట్ట కొట్టినప్పుడు తెలియలేదా?" అంది. ఆ పూట ముద్ద ఎంత రుచిగా దిగిందో!

వానలు పడకముందే వాడు బల్ల ఎత్తేశాడు. మర్నాడే సంచులక్క గైడు పనికి నీళ్ళొదిలి, సంచులు దులిపి, మూలలో బల్ల వేసింది.

కూర్చుందో లేదో, ఒక గుంపు వచ్చి ఎదుట గోడలా నిలబడింది. అది కదలకముందే ఇంకొకటి.

"జరగండి బాబూ! కోరికా లేదు, పాడూ లేదు. అది నేను కల్పించిందే!" అని గొంతు చించుకుంది.

కొత్తగా చేరిన గైడు వెనక్కి తిరిగాడు. "అలా అనకు పెద్దమ్మా, ఇక్కడ కోరుకున్నాకే మా అక్కకి ఉద్యోగం వచ్చింది. కాస్త వంగు, ఫొటోలో నీ తల పడుతోంది."

సంచులక్క పళ్ళు నూరుతూ వంగింది.