మిల్లీమీటరులో పదోవంతు

"...అందుకే చెబుతున్నా బావా, ఆ ఎర్ర పెట్టెలు తీసేద్దాం. నెలరోజులుగా వాటి మొహం చూసినవాడు లేడు."

"చూడ్డానికి వాళ్ళకేం తెలుసు? గీత పడితే బాగుచేసేది వాళ్ళా, నేనా?"

సినిమా డిస్కులు అద్దెకిచ్చే ఆ దుకాణం బావమరిదిది. వెనక గదిలో బఫింగ్ మిషన్ దగ్గర కూర్చునేది బావ. పద్నాలుగేళ్ళుగా గీతలు పడ్డ డీవీడీలను అరగదీసి నునుపు చెయ్యడమే ఆయన పని. వీధిలో అందరికీ ఆయన పాలిష్ మావయ్య. డిస్కును ట్యూబులైటు కింద వాల్చి, ఇది పిల్లలున్న ఇల్లు, ఇది మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోని ఇల్లు అని తేల్చేవాడు.

హెచ్‌డీ సినిమాలు రెండు రకాలుగా వచ్చాయి. ఎర్ర పెట్టెలో హెచ్‌డీ డీవీడీ, నీలం పెట్టెలో బ్లూ-రే. బొమ్మ ఎందులో బాగుందని జనం వాదించుకున్నారు. మావయ్య బొమ్మ చూడలేదు, మందం చూశాడు. ఎర్ర పెట్టెలోని డిస్కుకు, పాత డీవీడీకి లాగే, సినిమా ప్లాస్టిక్ నడిమధ్యన ఉంటుంది. పైన ఎంత గీకినా దానికి తగలదు. బ్లూ-రేలో ఎక్కువ సమాచారం పడుతుంది గాని, అదంతా పైపొర కిందే, మిల్లీమీటరులో పదోవంతు లోతులో. గీతలు పడకుండా పైన గట్టి పూత కూడా పూశారు.

"గీతే పడకపోతే ఇక మనిషెందుకు?" అన్నది మావయ్య అభ్యంతరం.

సినిమా కంపెనీలు ఆయన్ని ఒక్క మాటైనా అడక్కుండా ఒకదాని వెనక ఒకటి నీలం వైపు వెళ్ళిపోయాయి.

"పెట్టెలతో పాటు మిషన్ కూడా అమ్మేస్తాను" అన్నాడు బావమరిది.

మధ్యాహ్నం మొగుడికి క్యారియరు తెచ్చిన అక్క గుమ్మంలోనే ఆగిపోయింది. "అంత పని చెయ్యకురా. ఈయన రోజంతా ఇంట్లో కూర్చుంటే నా గిన్నెలన్నీ లైటు కింద పెట్టి చూస్తారు. నీకు దణ్ణం పెడతాను."

బావమరిది ఒక నీలం పెట్టె తెరిచాడు. "గీత పడిందని నిన్నే తిరిగొచ్చింది. ఇది బాగుచెయ్యి బావా, మిషన్ ఉంచేస్తా."

"పదోవంతులో సగం తీస్తే చాలు" అంటూ మావయ్య వెనక గదిలోకి వెళ్ళాడు.

పూత ఒక పట్టాన లొంగలేదు. ఆయనా లొంగలేదు. అరగంట తర్వాత డిస్కు బయటికొచ్చింది. అందులో చూసుకుని తల దువ్వుకోవచ్చు. ప్లేయర్‌లో పెడితే తెరమీద "డిస్కు లేదు" అని వచ్చింది. బావమరిది తీసి చూశాడు. డిస్కు ఉంది.

"గీత పోయిందా లేదా?" అన్నాడు మావయ్య.

"సినిమా కూడా పోయింది."

"నువ్వు చెప్పింది గీత సంగతే."

అక్క క్యారియరు గిన్నెలు విప్పుతూ తల ఎత్తలేదు. మావయ్య చేతులు కడుక్కుని, తుడుచుకుని, తన స్టూలు ఈడ్చుకొచ్చి కౌంటర్ వెనక వేశాడు.

"మిషన్ అమ్మేసుకో. రేపట్నుంచి ఇక్కడ నేను కూర్చుంటా. వచ్చినవాళ్ళ చేతులు చూసి, ఆ తర్వాతే డిస్కు ఇస్తా."