రంగులేసి మూసిన బడి

సూరత్‌లో నా చదువు చెల్లే చోటు ఒక్కటే ఉండేది. నవాగామ్‌లో మేముండే సందు దాటి కిరాణా దుకాణం మూల తిరిగితే సర్కారు బడి వస్తుంది. కింద గుజరాతీ, మరాఠీ పిల్లలు, మేడ మీద మన తెలుగు పిల్లలు. బస్సు మీద రాసింది నేను చదవలేను. దవాఖానాలో ఏ తలుపు వెనక ఏ డాక్టరున్నాడో చదవలేను. అంతా గుజరాతీ. ఆ మేడ మెట్లు ఎక్కానంటే మాత్రం నేను చదువుకున్నదాన్ని. పటాల కింద పేర్లు, నల్లబల్ల మీద పాఠం, తలుపు మీద తరగతి, అన్నీ నాకు అర్థమయ్యేవి.

అక్షరాలు వచ్చేనాటికి నా తల సగం నెరిసింది. నేర్పింది ఆ మేడ మీది టీచరమ్మే. నా చిన్న కూతురు అక్కడ చదివే రోజుల్లో, బడి వదిలాక తల్లుల్ని కూర్చోబెట్టుకుని నేర్పేది. ఎవరూ చెప్పింది కాదు, తనకు తోచి చేసిన పని. నేను రింగ్ రోడ్ మార్కెట్ నుంచి వచ్చే చీరల మీద టిక్కీలు, అంటే మెరుపు బిళ్లలు, అతికిస్తాను. ఆ మూట చంకన పెట్టుకునే వెళ్లేదాన్ని. "మూట పక్కకు పెట్టమ్మా, చీరలెక్కడికీ పోవు," అనేది. నా వేళ్ల జిగురుకు బలపం అంటుకుపోయి, గీత గీద్దామంటే కదిలేది కాదు. మిగతా ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు. ఆమె నవ్వలేదు. ఒక గుడ్డ మీద కాస్త కిరసనాయిలు పోసి తన చేత్తో నా వేళ్లు తుడిచింది. చదువుకున్న మనిషి నా చెయ్యి అట్లా పట్టుకోవడం అదే మొదటిసారి. ఆ తర్వాత ఆమె ఏం చెప్పినా నేను ఎదురు ప్రశ్న వెయ్యలేదు. ఇప్పుడు ఇది రాస్తున్నది కూడా ఆమె పెట్టిన అక్షరాలతోనే. అందుకే రాయడం కష్టంగా ఉంది.

బడి తగ్గిపోవడం ఒక్కరోజులో జరగలేదు. మా సందులో కొత్తగా పెళ్లయినవాళ్లు పిల్లల్ని ఇంగ్లీషు బడికి పంపడం మొదలుపెట్టారు. వాళ్లను తప్పు పట్టలేను. మా బడిలో చదువు ఎనిమిదితో ఆగిపోతుంది, ఆ తర్వాత తెలుగులో చదవాలంటే ఎక్కడికి పోవాలో ఎవరికీ తెలియదు. మగ్గాలు ఆగి కొన్ని కుటుంబాలు ఊరికి వెళ్లిపోయాయి. ఒక టీచరు రిటైరైతే ఆ కుర్చీలోకి ఎవరూ రాలేదు. ఇంకొకరు బదిలీ అయితే అదీ అంతే. చివరికి టీచరమ్మ ఒక్కతే మూడు తరగతుల్ని ఒకే గదిలో పెట్టుకుంది. ఒకరికి లెక్క ఇచ్చేది, ఒకరికి పాఠం చెప్పేది, ఇంకొకరిని గోల చెయ్యవద్దని బతిమాలేది. ఇంకో టీచర్ను ఇప్పించమని తల్లులమంతా బడుల ఆఫీసుకు వెళ్లాం. పైసలు లేవన్నారు. పిల్లలు ఇంత తక్కువుంటే టీచర్ను ఎట్లా ఇస్తామన్నారు. టీచరు లేనిదే పిల్లలు ఎట్లా వస్తారని అడిగితే, నీళ్లు తాగి వెళ్లమన్నారు.

అట్లాంటిది ఒక ఎండాకాలం సెలవుల్లో ఆ బడికి ఎక్కడినుంచో పైసలు వచ్చిపడ్డాయి. పాత ఇనుప గేటు పీకి దానికి రెండింతల గేటు పెట్టారు. నేలకు టైల్సు పరిచారు. ఆడపిల్లలకు తలుపు పడే మరుగుదొడ్లు కట్టారు. మేడ మీది గదులకు పసుపు, ఆకుపచ్చ రంగులు వేశారు. నల్లబల్ల తీసేసి పెద్ద టీవీలాంటి బల్ల బిగించారు. వేలితో తాకితే బొమ్మలొస్తాయట. మేం ఆడవాళ్లం సాయంత్రం పూట చీరల మూటలు దించి, వంతులవారీగా వెళ్లి చూసొచ్చేవాళ్లం.

మేం మగ్గాల మనుషులం. మాకు ఏదైనా మగ్గాల లెక్కలోనే అర్థమవుతుంది. ఆ రాత్రి అన్నం తింటూ మా ఆయన అన్న మాట సందంతా పాకింది.

"షేఠ్ భంగార్ల అమ్మేటి మగ్గం మీద కొత్త భీమ్ ఎక్కిస్తడానే? ఎక్కియ్యడు. కొత్త భీమ్ ఎక్కిచ్చిండంటే అది అయిపోయేదాంక మగ్గం ఆగదన్నట్టే. గీ బడి గూడ గంతే. ఇంత పైసలు పెట్టిన్రు, ఇగ ఫికర్ లేదు."

భంగార్ అంటే పాత ఇనుప సామాను, భీమ్ అంటే పడుగు దారం చుట్టిన పెద్ద ఇనుప చుట్ట. అది ఎక్కితే ఇంట్లో పొయ్యి వెలుగుతుందని మాకు ధైర్యం. సందులో ఎవరికీ ఆ మాటలో లోపం కనపడలేదు. నాకూ కనపడలేదు.

ఆ వారంలోనే టీచరమ్మ నన్ను పిలిపించింది. "గదులున్నాయి, బల్లలున్నాయి, పిల్లలే కావాలి. నీ మాట ఈ సందుల్లో వింటారు. ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని తీసుకురా, మిగతాది నేను చూసుకుంటాను," అంది. గోడ మీద ఇంగ్లీషు అక్షరాలు, పక్కన ఆపిల్ పండు, బంతి, పిల్లి బొమ్మలు వేసి ఉన్నాయి. "మన అక్షరాలు ఏ గోడకు రాస్తరు మేడం?" అని అడిగాను. "తర్వాత రాస్తారులే," అంది, కిటికీ వైపు చూస్తూ.

నేను ఇల్లిల్లూ తిరిగాను. అన్నిటికంటే కష్టమైంది నా పక్కింటి గుమ్మమే. ఆ ఇంటామె వయసులో నా పెద్దకూతురంత ఉంటుంది, నన్ను అక్కా అంటుంది. ఆమె బిడ్డ మూడో తరగతి, ఇంగ్లీషు బడిలో.

"ఏందక్కా, ఓట్లకొచ్చినట్టొచ్చినవ్?" అంది నన్ను చూడగానే. "మరి పంచే చీరేది?"

"చీరలు మోసీ మోసీ నా నడుం పడిపోయింది. నీకు మల్ల చీర కావాల్నా? పిల్లను మన బడికి పంపు."

"మా ఆయన జంపుతడు నన్ను. ఇంగ్లీషు బడని ఊరంత చెప్పుకున్నడు."

"చెప్పుకోనీ. పొద్దుగాల బడి టైముకు నీ బిడ్డ కడుపు పట్టుకోని ఏడుస్తది. నీ గోడకే నా గోడ. నాకు వినస్తలేదా?"

ఆమె నవ్వు ఆగిపోయింది. బిడ్డ తలుపు చాటున నిలబడి వింటోంది. "ఇంట్ల తెలుగు, సందుల హిందీ, బడిల ఇంగ్లీషు. దానికి ఏదీ పూర్తిగ వస్తలేదక్కా. మేడం ఏమడుగుతుందో సమజ్ కాదు, తిట్టేది మాత్రం సమజ్ అయితది," అంది. బిడ్డ వైపు ఒకసారి చూసి మళ్లీ అంది. "నేను పంపుత. కాని నడిమిట్ల ఆ బడి మూస్తే? ఒక్కసారి తీసేసినంక ఆ ఇంగ్లీషు బడోళ్లు ఊకెనే తీసుకోరు. ఒక కిలాస్ కిందికి దింపుతరు. నా బిడ్డ దోస్తులంత పైకి పోతే ఇది కింద కూసోవాలె. నువ్వు జర పక్కాగ అడిగి చెప్పు. నీ మాట మీద పంపుత."

నేను మర్నాడే వెళ్లి టీచరమ్మను అడిగాను. పక్కింటామె అడిగింది అడిగినట్టే చెప్పాను, కింది తరగతి సంగతి కూడా. ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఇంత ఖర్చు పెట్టి ఎవరైనా మూస్తారా? ధైర్యంగా పంపమని చెప్పు. నా మాటగా చెప్పు," అంది.

ఆమె మాటను నా మాటగా మోసుకెళ్లి చెప్పాను.

బడి తెరిచిన రోజు షామియానా వేశారు. ఆఫీసర్లు వచ్చారు. పిల్లలకు బొట్లు పెట్టి సంచులు ఇచ్చారు. టీచరమ్మ నన్ను ముందుకు పిలిచి ఆ కొత్త బల్ల మీద పెద్ద అక్షరాలతో వచ్చిన రెండు వాక్యాలు చదవమంది. చదివాను. ఆఫీసర్లు చప్పట్లు కొట్టారు, ఫొటోలు తీసుకున్నారు. ఒకాయన హిందీలో, ఈ బడిలో అమ్మమ్మలు కూడా చదువుతున్నారని మైకులో అన్నాడు. ఆ రోజు ఇంటికి వస్తూ నా నడకే మారిపోయింది. ఆ షామియానాకు, ఆ పూలదండలకు అయిన ఖర్చులో ఒక టీచర్ను కొన్నాళ్లు పెట్టుకోవచ్చని అప్పుడు నాకు తోచలేదు.

పక్కింటి బిడ్డకు మాత్రం బాగుంది. కడుపునొప్పి పోయింది. వానలు తగ్గేసరికి వాకిట్లో కూర్చుని గట్టిగా చదివేది. చీర మీద టిక్కీ పెడుతూ నేను తప్పు వింటే గోడ ఇవతలి నుంచి అరిచేదాన్ని. "అమ్మమ్మా, నువ్వు నీ పని చేస్కో!" అని అది అటునుంచి అరిచేది. వాళ్లమ్మ నవ్వి నాకు ఛాయ్ అందించేది.

దీపావళి సెలవులైపోయి బడి తెరిచిన పొద్దున పక్కింటామె బిడ్డను దింపడానికి వెళ్లి, బిడ్డతోనే తిరిగొచ్చింది. నా గుమ్మం వైపు చూడకుండా లోపలికి పోయింది. నేనే పరుగున వెళ్లాను. గేటు దగ్గర కావలివాడు ఆపాడు. "మాసీ, తెలుగువాలా సబ్ ఫాటక్ కే ఉస్ పార్ గయా," అన్నాడు. రైలు గేటు అవతల ఇంకో సర్కారు బడి ఉంది. మన పిల్లల్ని అందులో కలిపేశారట. మరి ఈ గదులేం చేస్తారని అడిగాను. ఇంగ్లీషు మీడియం పెడుతున్నారన్నాడు. రంగులు వేసేటప్పుడే ఆ మాట అనుకున్నారు కదా, మీకు తెలియదా అని అతనే ఆశ్చర్యపోయాడు. మేడ మీద, తలుపు పక్కనున్న తెలుగు పలక తీసేసిన చోట గోడ తెల్లగా కనపడుతోంది.

నేను అట్నుంచి అటే ఫాటక్ దాటి వెళ్లాను. టీచరమ్మ ఒక గది వరండాలో పుస్తకాల కట్టలు విప్పుతోంది. నన్ను చూసి కుర్చీ జరిపింది. నేను కూర్చోలేదు.

"మీకు ఎరికేనా మేడం?"

ఆమె అబద్ధమాడలేదు. అది మాత్రం ఒప్పుకోవాలి. "తెలుసు," అంది. "ఎండాకాలంలోనే చెప్పారు. ఆ డబ్బు ఇంగ్లీషు మీడియం కోసం వచ్చింది. జూన్‌లో పిల్లలు మరీ తక్కువైతే అప్పుడే మూసేసి నన్ను ఎక్కడికో పంపేసేవారు. ఇంకొన్ని నెలలు గడిస్తే మా ఇంటి దగ్గరికి, తాపీ నది అవతలికి బదిలీ వస్తుందన్నారు. వచ్చింది కూడా, ఈ పుస్తకాలు అప్పజెప్పి వెళ్లిపోవడమే. మా అత్తగారు మంచంలో ఉన్నారు. నీకు తెలుసుగా."

"గా సంగతి నాతో చెప్పొచ్చు కద. నేనే అందరికి చెప్పుకుంటుంటి."

"చెబితే ఎవరు పంపేవారమ్మా?"

నిజమే, ఎవరూ పంపేవారు కాదు. అందుకే నన్ను పంపింది. ఆఫీసు వాళ్లు చేసింది నన్ను అంతగా కాల్చలేదు. వాళ్లు నాకు ఎవరు? గోడలకు రంగు వేసుకున్నారు, గేటు పెట్టుకున్నారు, ఎవరి కోసమో మాకు చెప్పాల్సిన పనిలేదనుకున్నారు. కానీ ఈమె నా వేళ్లు తుడిచిన మనిషి. తన నెలలు గడవడానికి నా నోరు వాడుకుంది. ఆ సంగతి తెలిసినా, వచ్చేటప్పుడు అలవాటుగా "వస్త మేడం" అనే అన్నాను. దారి పొడవునా అదే నన్ను తిన్నది.

ఆ రాత్రి మా ఆయనకు చెప్పాను. "కొనేటోడు వేరే ఉంటే, అమ్మేటోడు గూడ మగ్గానికి నూనె పెట్టి తుడుస్తడు. నాకే తట్టలే," అన్నాడు.

ఫాటక్ దాటి అంత దూరం చిన్నపిల్లలు నడవలేరు. రైలు ఆగినప్పుడు పెద్దవాళ్లే కింద నుంచి దూరి పోతుంటారు, పిల్లల్ని ఎవరు ఆపుతారు? కొందరు మానేశారు. పక్కింటి బిడ్డను ఇంగ్లీషు బడి వాళ్లు మళ్లీ తీసుకున్నారు. వాళ్లమ్మ ముందే చెప్పినట్టు, ఒక తరగతి కిందికి దింపి. గోడ అవతల పొద్దుటి ఏడుపు మళ్లీ మొదలైంది. ఆమె నాతో తగాదా పడలేదు. పడితే బాగుండేది. ఛాయ్ రావడం ఆగింది, అక్కా అనే పిలుపు ఆగింది. కుళాయి దగ్గర నా బిందె నిండగానే పక్కకు జరిపి తన బిందె పెట్టుకునేది, అంతే.

టీచరమ్మకు వీడ్కోలు సభ పెడుతున్నారని, నేను వచ్చి రెండు మాటలు రాసుకుని చదవాలని బడి నుంచి ఫోన్ చేశారు. పని ఉందన్నాను.

మొన్న జూన్‌లో ఫాటక్ అవతలి బడి నుంచి ఒక కొత్త టీచరు వచ్చింది. చిన్నపిల్ల, ఎండకు మొహం ఎర్రబడిపోయింది. ఈ సందుల్లో ఇళ్లన్నీ నాకు తెలుసని ఎవరో చెప్పారట.

"అమ్మా, ఈసారి పిల్లలకు ఆటో పెడుతున్నాం. ఖర్చు ఆఫీసుదే. మీరు నాతో వచ్చి ఒక మాట చెబితే చాలు."

"ఇండ్లు చూపిస్త బిడ్డా. మాట మాత్రం నువ్వే చెప్పుకో," అన్నాను.

ఒక్కో గుమ్మం చూపిస్తూ వచ్చాను. పక్కింటి ముందు నేను నాలుగడుగులు వెనకే ఆగిపోయాను. ఆ టీచరు ఆటో సంగతంతా చెప్పింది. పక్కింటామె విన్నది. బిడ్డ వచ్చి తల్లి కొంగు పట్టుకుని నిలబడింది.

"ఆటో ఎన్ని దినాలు పెడతరు?" అని అడిగింది పక్కింటామె.

"పెడతారండి. మంజూరైంది," అంది టీచరు.

పక్కింటామె ఆమె భుజం మీదుగా నా వైపు చూసింది. ఇన్ని నెలల తర్వాత నాతో మాట్లాడింది.

"అక్కా, నువ్వేమంటవ్?"

బిడ్డ కూడా నన్నే చూస్తోంది. సరే పంపు అని నాలుక చివరిదాకా వచ్చింది. ఈ టీచరు మంచిదే కావచ్చు, ఆటో నిజంగానే రావచ్చు.

"నాకు తెల్వదు చెల్లె," అన్నాను.

ఆమె, "ఆటో వచ్చినంక చూద్దాం," అని టీచరుతో చెప్పి, బిడ్డను లోపలికి తీసుకుపోయింది. తలుపు వెయ్యలేదు. నేను ఆ టీచరుకు తర్వాతి ఇల్లు చూపించాను.