భోజనాల బల్ల మీద పట్టుగూడు

ఈ పొద్దున ఏడూ పదికి భోజనాల బల్ల తుడుస్తుంటే చెక్కలో ఇంకిపోయిన గోధుమరంగు మరక ఒకటి కనపడింది. ఆవగింజకన్నా కాస్త పెద్దది. దాన్ని పోగొట్టాలని నేను గట్టిగా రుద్దలేదు.

తన ఆపరేషన్‌కు కుప్పం ఆసుపత్రికి వెళ్లాల్సిన తేదీ ఖాయమయ్యాక మా ఆవిడ ఈ బల్లను ఫొటోలకు తీసుకుంది. ఫోనుకు తగిలించే చిన్న భూతద్దం, వెనక నల్ల అట్ట, వెలుతురు తిప్పడానికి థర్మాకోల్ ముక్క, ఫోను కదలకుండా కింద నా నిఘంటువులు. మొదట ఆవాలు, ఉప్పురాళ్లు, కరివేపాకు ఈనెలు తీసింది. నేను పక్కన గట్టిగా ఊపిరి వదిలినా కసిరేది. అన్నం వంటింట్లో నేలమీద తినేవాళ్లం. బల్ల కొన్నది తినడానికే కదా అంటే, "తినేదానికి నేల సాలు. దీనికి బల్లే కావాల" అనేది.

ఆమె పుట్టింది పుంగనూరు దగ్గర పల్లెలో, పట్టుపురుగులు పెంచే ఇంట్లో. పురుగులు ఆకు నమిలే చప్పుడు వింటూ పెరిగిన మనిషి, వాటికి రెక్కలు రావడం ఒక్కసారీ చూడలేదు. గూళ్లు కట్టగానే మదనపల్లె మార్కెట్టుకు తెచ్చి అమ్మేయాలి. లోపలిది రెక్కలొచ్చి తొలుచుకుంటే దారం తెగిపోతుంది. ఆసుపత్రికి పోయేలోగా అది బయటికి రావడం చూడాలని, ఫొటో తీయాలని ఆమె కోరిక. తిరిగొచ్చాక చూడొచ్చులే అని ఆమె అనలేదు, నేనూ అనలేదు. బావమరిది గుప్పెడు గూళ్లు తెచ్చిచ్చాడు.

ప్రయాణానికి ముందురోజు మా అత్తగారు తోడుగా వచ్చింది. మేము మందులకని బజారుకు వెళ్లి వచ్చేసరికి బల్లమీద గూళ్లు కనపడలేదు. అవి మిద్దెమీద రేకు మీద, మిట్టమధ్యాహ్నపు ఎండలో ఉన్నాయి.

"ఎన్ని దినాలు పెట్టుకుంటారమ్మా? తొలిచేస్తే దారం పాడైపోదా? నా కూతురివై ఉండి ఇదీ తెలీదా?" అంది, మంచిపని చేసిన ముఖంతో. ఎండకు లోపలి పురుగు చస్తుంది. అత్తగారు కోరుకున్నదీ అదే.

మా ఆవిడ ఒక్కో గూడూ పట్టుకుని చూసింది. అన్నీ కాలుతున్నాయి.

"ఫొటో కోసం పెట్టుకుందత్తా" అన్నాను.

"గూడు యాడికి పోతాది? తీసుకోండి ఫొటో."

"గూటికి కాదమ్మా, లోపలిదానికి" అంది మా ఆవిడ.

అత్తగారు మెట్టుమీద కూర్చుండిపోయింది. నల్ల అట్ట వెనక ఒక గూడు మాత్రం ఆమె కంటపడకుండా మిగిలింది. దాన్ని చూసుకుంటూ ముగ్గురం ఆ రోజు గడిపాం.

పొద్దున కారు వచ్చింది. అప్పటికి గూటి కొన తడిసింది, లోపలిది తొలుస్తోంది. బయట డ్రైవరు హారన్ కొట్టాడు. అత్తగారే వాకిట్లోకి పరుగెత్తి, "కొట్టొద్దప్పా! పురుగు బెదరతాది" అని అరిచింది. తల బయటపడింది. ఆపైన కదలిక లేదు. మళ్లీ హారన్ కొడతాడేమోనని నేను తలుపు దగ్గర నిలబడ్డాను. మా ఆవిడ వేలు ఫోను మీద ఉంది. కాసేపటికి ఫోను పక్కకు నెట్టి, ముఖం బల్లకు ఆనించి చూసింది. అది ఈడ్చుకుంటూ వచ్చింది, తడి రెక్కలతో. బల్లమీద గోధుమరంగు చుక్క ఒకటి వదిలింది.

"ఇంతేనామ్మే? ఎగరదా?" అంది అత్తగారు.

"ఎగరదంట. వచ్చింది కదా, సాలు" అని మా ఆవిడ నవ్వింది.

ఫొటో లేదు. ఆమె కుప్పం నుంచి తిరిగి రాలేదు. తర్వాతి పంటకు పురుగుల గుడ్లు తెస్తానని బావమరిది అంటే అత్తగారు వద్దంది. పురుగులు పెంచిన షెడ్డులో టమోటా బాక్సులు పెడుతున్నారు. ఆ ఇంట్లో ఇప్పుడు పట్టుపురుగులు పెంచడం లేదు.