కొత్త బండి, మెల్లగా పోవును

మా బాపుకు 'మెల్లగా' అన్న మాట గిట్టదు. అన్నం తిన్నా ఉరుకుడే, మాట్లాడినా ఉరుకుడే. నిర్మల్‌లో టేకు కర్ర వ్యాపారం. పాత జీపును ఎట్లా తోలేవాడంటే, లేచిన దుమ్ము చూసి వచ్చేదెవరో ఊళ్లోవాళ్లు చెప్పేసేవారు. అలాంటి మనిషి హైదరాబాదు పోయి నల్లటి కొత్త కారు కొనుక్కొచ్చాడు. మా వైపు అంత ఉరికే బండి ఇంకోటి లేదని కనబడ్డవాళ్లకల్లా చెప్పుకున్నాడు. తీరా చూస్తే దాన్ని ఉరికించే వీలే లేదు. ఇంజన్ కొత్తది, లోపలి సామాన్లు ఒకదానికొకటి అలవాటు పడాలి, మొదటి సర్వీసింగు అయ్యేదాకా సైకిలు కన్నా కాస్త ముందుంటే చాలు అని అమ్మినవాళ్లు గట్టిగా చెప్పి పంపారట. బాపు మొహం చూస్తే జాలేసేది, నవ్వూ వచ్చేది.

వెనక లారీల వాళ్లు హారన్ కొట్టి పరేషాన్ చేస్తున్నారని, ఒక అట్ట మీద నాలుగు మాటలు రాసి కారు వెనక కట్టమని మా మేనమామకు చెప్పాడు. మామ నిర్మల్ పటాలు వేసే మనిషి. ఆ పటాలకు ముందు నల్ల రంగు పూస్తారు, దాని మీద బంగారు రంగుతో బొమ్మ దిద్దుతారు. అంత నున్నటి, అంత పెద్ద నలుపు మామ జన్మలో చూసి ఉండడు. చేతులు ఊరుకోలేదు. బాపు కర్ర డిపోకు పోయి వచ్చేసరికి కారు డిక్కీ మీదనే 'కొత్త బండి, మెల్లగా పోవును, దాటి పొండు' అని గుండ్రటి అక్షరాలు, చుట్టూ బంగారు తీగ, తీగ మీద చిలుకలు. పైన వార్నిష్ కూడా పూసేశాడు.

"ఏందిర గిది? అట్ట మీద రాయమన్న గద!" అని బాపు అరిచాడు.

"అట్టయితె వానకు నానుతది బావా. గిదైతె నీ మనుమల దాక పోదు."

"మరి సర్వీసింగు అయినంక ఎట్ల తీసుడు?"

మామకు ఆ ఆలోచనే రాలేదు. చిలుక ముక్కుకు ఇంకాస్త ఎరుపు పడితే బాగుండునేమోనని చూస్తున్నాడు.

అమ్మను మేం అవ్వ అనేవాళ్లం. అవ్వ కొంగు అడ్డం పెట్టుకుని పడీ పడీ నవ్వింది. అవ్వ అట్లా నవ్వి చాలా కాలమైంది. ఆమె దిగులంతా ఇచ్చోడలో ఉన్న తన అక్క గురించే. తల్లి పోయాక అవ్వను పెంచింది మా పెద్దమ్మే. నిర్మల్ నుంచి అక్కడికి పోవాలంటే ఘాటు, అదే కొండదారి, ఎక్కాలి. బస్సు ఆ వంపులు తిరిగితే అవ్వకు కడుపులో తిప్పి, దారి పొడుగునా వాంతులు. బాపు తోలే జీపు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆఖరుసారి పోయినప్పుడు పెద్దమ్మ వాకిట్లో, ఆమె వియ్యాలవారి ముందే కక్కుకుంది. సిగ్గుతో చచ్చిపోయి, మళ్లీ ఆ దారి తొక్కనని ఒట్టు పెట్టుకుంది. పెద్దమ్మ మోకాళ్ల నొప్పులతో కదల్లేదు. ఏళ్లు గడిచిపోయాయి. ఇచ్చోడ మనిషి ఎవరు కనబడ్డా, అక్క మంచిగ తింటుందా అని అడగడం తప్ప అవ్వ చేయగలిగింది లేదు.

ఒకనాడు పొద్దున్నే బాపు, "ఎట్లనన్న నత్త లెక్కనే పోవాలె. నడువుండ్రి, ఇచ్చోడకే పోదాం," అన్నాడు. అవ్వ భయపడుతూనే కూర్చుంది. నేను వెనక సీట్లో. ఘాటులో మమ్మల్ని దాటిన ప్రతి బస్సులోంచీ జనం మెడలు సాచి, డిక్కీ మీది రాతను పైకి చదివి మరీ నవ్వారు. బాపు చెవులు ఎర్రబడ్డాయి కానీ వేగం పెంచలేదు. ఇంజన్ మీద అంత ప్రేమ!

కొంతదూరం పోయాక అవ్వ అడిగింది, "ఇగ ఘాటు ఎప్పుడొస్తది?"

"ఎప్పుడో దాటినం," అన్నాడు బాపు.

ఇచ్చోడలో అవ్వ నలగని చీరతో దిగింది. దిగుతూనే ఆకలన్నది. పెద్దమ్మ జొన్నరొట్టె తుంచి నోట్లో పెడుతుంటే చిన్నపిల్లలా తిన్నది. వాళ్లిద్దర్నీ చూస్తే నాకు ఏడుపాగలేదు. ఆ తర్వాత, బండి నలగాలి కదా అన్న వంకతో మళ్లీ మళ్లీ పోయాం.

సర్వీసింగుకు కరీంనగర్ పోయినప్పుడు అవ్వా నేనూ కూడా వెళ్లాం. మిస్త్రీ పాత ఆయిలు దించి, కొత్తది పోసి, బోల్టులన్నీ బిగించి చేతులు తుడుచుకున్నాడు. "ఇగ ఫికర్ లేదు సాబ్. ఎంతన్న ఉరికించుండ్రి. గీ రాత గీకెయ్యమంటరా?"

అవ్వ మొహం చిన్నబోయింది. తలుపు పట్టుకుని నిలబడింది తప్ప ఎక్కలేదు. ఆమెకు ఇచ్చోడ మళ్లీ దూరమైపోయిందని నాకు తెలుస్తూనే ఉంది.

"ఉండనియ్," అన్నాడు బాపు.

తిరుగు దారిలో జగిత్యాల దాటాక రోడ్డు ఖాళీగా, తిన్నగా ఉంది. ఉరుకుతాడేమోనని అవ్వ సీటు అంచు పట్టుకుని కూర్చుంది. కారు మాత్రం పోయినప్పటిలాగే పోతున్నది.

అవ్వ, "మిస్త్రీ ఉరికించమన్నడు గద?" అంది.

"వానికి ఇంజన్ సంగతే ఎరుక," అన్నాడు బాపు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

అవ్వ సీటు వదిలేసి వెనక్కి ఆనుకుంది. "రేపు మా అక్క కాడికి పోదామా?" అని అడిగింది.