గట్టు మంచులో ఒక చార

చిచ్చా పోయారన్న కబురు నాకు మొదట తెచ్చింది మా మరిది. చిచ్చా అంటే మా నాన్నకు తమ్ముడు. తిరువూరు నుంచి గంపలగూడేనికి ఆటో నడిపిన మనిషి. మూడో రోజున ఆయన కూతురు నా దగ్గరకొచ్చి, "అక్కా, మా అబ్బా ఫోటో, నాన్నది, ఒక్కటుంటే ఇవ్వవా? ఆధార్ కార్డులో ఉన్నది ఆయన్లా లేదే, ఎవరో దొంగలా ఉన్నాడు" అని నవ్వబోయి ఏడ్చేసింది. చిన్ననాటి నుంచీ కెమెరా పట్టిన అక్క దగ్గర లేకుండా ఎలా ఉంటుందని ఆ పిల్ల నమ్మకం. నా ట్రంకుపెట్టె నిండా ఫోటోలే; వాటిలో మనిషన్నవాడు లేడు.

మా దాదీ, అంటే నాయనమ్మ, ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో మనిషి రూపం గోడకెక్కలేదు. రూపాలున్న ఇంట్లో ఫరిష్తాలు, దేవదూతలు, అడుగుపెట్టరని ఆమె విశ్వాసం. చిచ్చా ఎక్కడో పాత కెమెరా కొని నా చేతిలో పెట్టినప్పుడు, చెట్లూ పొలాలూ ఆకాశమూ అయితే తీసుకోమని సెలవిచ్చింది. బడి గడప తొక్కని నాకు ఆటో మీది ఊళ్ళ పేర్లతో అక్షరాలు దిద్దించిందీ, లోకాన్ని చూడడం నేర్పిందీ చిచ్చాయే, అల్హందులిల్లా.

చలికాలం తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే, మొదటి ట్రిప్పుకు ముందే, ఖాళీ ఆటోలో నన్ను మినపచేల దగ్గరికి తీసుకెళ్ళి, పాములుంటాయని కర్రతో గడ్డి తట్టుకుంటూ గట్టు మీద ముందు నడిచేవారు. నేను కెమెరా ఎత్తగానే పక్కకు తప్పుకుని, "నన్ను తీశావనుకో, మీ దాదీ నిన్నూ దాన్నీ కలిపి బావిలో వేస్తుంది!" అనేవారు. మొదటి రీలు కడిగిన స్టూడియో ఆయన "ఏంటమ్మా, ఇన్ని ఫోటోల్లో ఒక్క మనిషీ లేడే" అని జాలిపడ్డాడు గానీ, మంచులోంచి తేలుతున్న తాడిచెట్లను చూసి నాకు మాత్రం ఊపిరాగినంత పనైంది. ఆ పిచ్చి ఇక వదల్లేదు.

ఒక్కటే కంటగింపు. గట్టు గడ్డి మీది తెల్లటి మంచులో ఆయన నడిచినంత మేరా పచ్చగా చార పడి, ఫోటోలో కొట్టొచ్చినట్టు కనబడేది. ఒకనాడు, మంచంతా తొక్కేస్తున్నారని విసుక్కున్నాను. ఆయన చెప్పులు చేత పట్టుకుని, ఆ చలిలో పక్కనున్న పంటకాలవలోకి దిగి, మోకాటి లోతు నీళ్ళలో నడుస్తూ గట్టు అంచున కర్ర చప్పుడు చేసుకుంటూ వచ్చారు. ఆ ఫోటోలో చార లేదు. అందరూ మెచ్చుకున్నదీ, నేను పటం కట్టించుకున్నదీ అదే. ఇప్పుడు ఇంట్లో ఎటు తిరిగినా అది నన్నే చూస్తున్నట్టుంటుంది.

దాన్ని కాక, చార పడ్డ ఫోటో ఒకటి వెతికి చెల్లి చేతిలో పెట్టి, జరిగింది చెప్పాను. ఆ పిల్ల చార వెంట మెల్లగా వేలు పోనిచ్చి, కాగితం అంచున, వాళ్ళ నాన్న తప్పుకున్న చోట, ఆపేసింది. చాలాసేపు తియ్యలేదు.

ఆ గట్టు ఇప్పుడు సిమెంటు రోడ్డు. మంచు కురిసినా అడుగుజాడ పడదు. మా మనవలు ఎక్కడికెళ్ళినా ముందు తమ ముఖమే తీసుకుంటారు. తప్పనను, ముఖం మిగలడం ఎంత భాగ్యమో నాకిప్పుడు తెలిసింది. చదివిన మీరు, మీ మీ ప్రార్థనల్లో మా చిచ్చాను ఒక్కసారి తలుచుకోండి. ముఖం తెలియదే అనుకోవద్దు. పిల్ల కాలికి పాము తగలకూడదని ముందు నడిచి, పక్కకు తప్పుకున్న మనిషి అనుకుంటే చాలు.