పంపకాల అక్క

మా పంపకాల అక్కకి ఏదైనా ఒకేచోట కుదురుగా ఉంటే తోచేది కాదు. డిగ్రీలో ఇద్దరం ఫైనాన్షియల్ ఎకనామిక్స్ చదివేవాళ్లం. ఆమె నాకంటే ఏడాది పెద్ద, హాస్టల్లో ఒకే గది. పెట్టుబడిని నాలుగు చోట్లకు పంచితే నష్టభయం తగ్గుతుందన్న పాఠం మేమందరం పరీక్షలో రాసి మరిచిపోయాం. ఆమె మాత్రం దాంతో కాపురం చేసింది.

కుడికాలికి నల్ల చెప్పు, ఎడమకాలికి గోధుమరంగు చెప్పు. "ఒకే జత వేసుకుంటే రెండూ ఒకేసారి అరుగుతాయి కదే" అనేది. సబ్బును మూడు ముక్కలు చేసి మూడు స్నానాలగదుల్లో దాచేది. పొద్దున్నే నేను దణ్ణం పెట్టుకుంటుంటే వెనకనుంచి సలహా.

"మొక్కులన్నీ ఒక్క దేవుడికేనా? ఆయనకి తీరిక లేకపోతే?"

"ఉంటుందక్కా" అనేదాన్ని, పళ్లు బిగించి.

అవన్నీ సహించాను. నా నోట్సు జోలికి రావడం మాత్రం సహించలేకపోయాను.

ఫైనాన్షియల్ ఎకనామిక్స్ పేపరు అప్పటికే ఒకసారి తప్పాను. మళ్లీ తప్పితే సీటు పోతుంది, పెట్టె సర్దుకోవాలి. పల్లెటూరి బడినుంచి వచ్చినదాన్ని. రాని లెక్క ఎవరినైనా అడగాలంటే నోరు పెగిలేది కాదు. పరీక్ష నాలుగు రోజులుందనగా చూస్తే, బల్లమీద నోట్సుకి అట్ట మాత్రం మిగిలింది.

"నా నోట్సేదక్కా?"

"పంచేశాను. బాండ్లు పన్నెండో గదిలో, షేర్లు ఏడో గదిలో, వడ్డీరేట్లు మేడమీద, రిస్కు లెక్కలు లైబ్రరీ మేడం దగ్గర."

"నీకు మతిపోయిందా?"

"అన్నీ ఇక్కడే ఉంటే, నీళ్లు పడితే మొత్తం పోదూ?"

నా జన్మలో ఎవరినీ అంతగా తిట్టలేదు. తిట్టుకుంటూనే తలుపులు తట్టాను. పన్నెండో గది అమ్మాయి కాగితాలిస్తేనా!

"కూర్చో. వడ్డీరేటు పెరిగితే పాత బాండు ధర ఎందుకు పడిపోతుందో చెప్పు, ఇస్తాను."

కాగితాలకేసి చెయ్యి చాచాను. వెనక్కి లాక్కుంది.

"పాతది నూటికి అయిదే ఇస్తుంది. కొత్తది ఏడిస్తుంటే, ధర తగ్గించకుండా నీ పాతది ఎవరు కొంటారు?"

గంట కూర్చోబెట్టి, నాచేత చెప్పించి, అప్పుడిచ్చింది. తక్కిన మూడుచోట్లా ఇదే దౌర్జన్యం. నాలుగు రోజులూ అలాగే గడిచాయి.

పేపరు గట్టెక్కింది. ఫలితాల రోజు పన్నెండో గది అమ్మాయి నవ్వుతూ బయటపెట్టింది. "మీ అక్క ముందే మా నలుగురికీ చెప్పి వెళ్లింది. అది నోరు తెరిచి అడగదు, చెప్పించుకోకుండా కాగితాలు ఇవ్వకండి అంది."

కోపంగానే గదికి వెళ్లాను.

"ఈ మాట నాకే చెప్పొచ్చుగా?"

"చెబితే వెళ్లేదానివా?"

మర్నాడు నా దణ్ణానికి కాస్త ఎక్కువసేపు పట్టింది.

"ఎవరెవరికోసమే అంతసేపు?" అంది వెనకనుంచి.

"ఒక్కరికోసమే. దీన్ని మాత్రం పంచను."